తంబజాలారి గీతలు

నేను సికింద్రాబాద్‌కు వచ్చింది ఒక చెట్టు కోసం. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం అదే. ఆ చెట్టు సికింద్రాబాద్‌లో లేదు. కడప, చిత్తూరు జిల్లాల కొండల మీద, ఎర్రటి రాతి గట్ల మధ్య పెరుగుతుంది. తంబజాలారి అంటారు. నిటారుగా లేస్తుంది, గాటు పెడితే గుగ్గిలం కారుతుంది. గుళ్లలో ధ్వజస్తంభాలకు బాగుంటుందని చాలాకాలం నరికారు. ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. అక్కడ కూడా తగ్గిపోతోందని, మిగిలిన చెట్లలో ఏది దేనికి చుట్టమో తేల్చి చెప్పే జన్యు గుర్తులు తయారుచెయ్యాలని మా సారు ఒక ప్రాజెక్టు రాశారు. అందులో నాకు ఉద్యోగం దొరికింది.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. మాది తెనాలి దగ్గర. నాన్న మిషన్ బడిలో సైన్సు టీచరు. అమ్మ ముందే పోయింది, నాన్న నేను పీహెచ్‌డీ రాస్తుండగా పోయాడు. అన్నయ్య ఒంగోల్లో సంసారంతో ఉన్నాడు. సంబంధాలు చూసేవాళ్లు చూసి చూసి మానేశారు. వాళ్లు మానేసిన సంగతి కూడా నాకు కొంత ఆలస్యంగా తెలిసింది.

చిలకలగూడలో ఒక మేడ మీద గది తీసుకున్నాను. కింద ఇంటి ఓనరమ్మ ఒక్కతే ఉండేది. భర్త రైల్వేలో పనిచేసి పోయాడు. పిల్లలు లేరు. నేను మెట్లెక్కుతుంటే వరండాలో కూర్చుని ఆపేది.

"ఏం పని జేస్తవ్ బిడ్డా నువ్వు? డాక్టరా?"

"కాదు పెద్దమ్మా. చెట్ల మీద పని."

"చెట్ల మీదనా? మరి గీ పట్నంల ఏం జేస్తున్నవ్?"

చెట్ల ఆకులు తెచ్చి, అందులో ఉన్న జన్యువులు తీసి, ఏ మొక్కకు తల్లి ఏ చెట్టు, తండ్రి ఏ చెట్టు అని కనిపెడతామని చెప్పాను.

"చెట్టుకు సుత అయ్య ఎవలో ఎరుక గావాల్నా? ఎవలన్న పేరు అడుగుతరా దాన్ని?"

నాకు నవ్వొచ్చింది. ఆ ఊళ్లో అంతకు ముందు నవ్విన గుర్తు లేదు.

ల్యాబ్‌లో మేము ఇద్దరమే, సారూ నేనూ. సారుది రాజమండ్రి వైపు. రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్నారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నిమిషం ఊరుకోరు. పరీక్షనాళిక కడుగుతూ మాట్లాడతారు, టీ తాగుతూ మాట్లాడతారు, నేను కొలతలు చూసుకుంటుంటే కూడా మాట్లాడతారు. ఒక్కోసారి విసుగొచ్చేది. పైకి అనేదాన్ని కాదు.

చేరిన ఏడాది ఎండాకాలంలో ఇద్దరం కొండకు వెళ్లాం. అటవీశాఖ వాళ్లు ఒక గార్డును తోడు ఇచ్చారు. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. జీపు ఆగిన చోటు నుంచి కాలిబాట మొదలవుతుంది. ఆ బాట పక్కన, గట్టు అంచున, ఒక పెద్ద తంబజాలారి ఉంది. చుట్టూ ఇంకోటి లేదు. దాని కింద ఎండిన కాయలు రాలి ఉన్నాయి. కాయకు గోధుమరంగు రెక్కలుంటాయి. సారు ఒకటి తీసి పైకి విసిరారు. అది గిరగిరా తిరుగుతూ ఆయన చెప్పు మీదే వాలింది.

"చూశావా అమ్మాయ్, ఎంత దూరం పోయిందో!" అని గట్టిగా నవ్వారు.

నర్సరీకి విత్తనాలు ఎక్కణ్ణుంచి తెస్తారని గార్డును అడిగారు.

"ఈ మాను కిందనే సార్. దారి పక్కనే ఉండాది గదా. లోపలి కొండలకు పోయి రావాలంటే ఒక పూట చాలదు. అంతలోకి గింజ చచ్చిపోతాది."

అది నిజమే. తంబజాలారి గింజ నిలవ ఉండదు. రాలాక కొద్దిరోజుల్లోనే మట్టిలో పడాలి. సారు తల ఊపి, ఆ చెట్టు ఆకు మొదట కోయమన్నారు. తరువాత లోపలి కొండలకు నడిచి, ఒక్కొక్క చెట్టు నుంచి ఆకులు కోసి, తేమ పీల్చే గుళికలున్న కవర్లలో వేసి, సికింద్రాబాద్ తెచ్చుకున్నాం.

అక్కడే మా కష్టాలు మొదలయ్యాయి. పద్ధతి ప్రకారం ఎండిన ఆకును ద్రవ నైట్రోజన్ పోసి కల్వంలో మెత్తగా నూరాలి. రకరకాల ద్రావణాలు కలిపి తిప్పాక, గొట్టంలో తెల్లటి నూలుపోగు లాగా డీఎన్ఏ తేలాలి. వరి ఆకుకు తేలుతుంది. వేపాకుకు తేలుతుంది. తంబజాలారికి మాత్రం బెల్లం పాకంలాంటి జిగురు వచ్చేది. చెట్టులో ఉన్న గుగ్గిలం, ఆకులో ఉన్న బంక, అన్నీ కలిసి డీఎన్ఏను పట్టుకుని వదిలేవి కాదు. ఆ జిగురుతో తరువాత ఏ పనీ సాగదు. నెలల తరబడి అదే జిగురు. సారు ప్రతిసారీ గొట్టం వెలుతురుకు పట్టి చూసి, "ఇవాళ రంగు కొంచెం తగ్గింది కదూ?" అనేవారు. తగ్గేది కాదు.

వానాకాలం చివర్లో ఒక సోమవారం సారు రాలేదు. ఆయన ఆలస్యంగా రావడం నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్నానికి ఆఫీసు గుమాస్తా వచ్చి చెప్పాడు. సారుకు తెల్లవారుజామున పక్షవాతం వచ్చిందట. ఆసుపత్రిలో ఉన్నారట.

ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. పూర్తిగా కాదు. ఒక్క మాట మిగిలింది. "సరే."

ఆసుపత్రి నుంచి మారేడ్‌పల్లి ఇంటికి తెచ్చాక చూడ్డానికి వెళ్లాను. కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను చూసి ఆయన ముఖం కదిలింది.

"సార్, ఎలా ఉన్నారు?"

"సరే."

"నొప్పి ఏమన్నా ఉందా?"

"సరే సరే."

ఆంటీ, అంటే సారు భార్య, నన్ను వంటింట్లోకి పిలిచి కాఫీ కలిపింది. "దేనికైనా అదేనమ్మాయ్. ఆకలేస్తే సరే, కోపమొస్తే సరే. ముప్పై ఏళ్లు ఆయన మాట్లాడితే నేను విన్నాను. ఇప్పుడు నేను మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడాలో తోచడం లేదు," అంది. గ్లాసు నా చేతికిచ్చి, పొయ్యి వైపు తిరిగిపోయింది.

ప్రాజెక్టు ఆపేస్తారనుకున్నాను. ఆపలేదు. సారు పేరు మీదే ఉంచి, పని నన్ను చెయ్యమన్నారు. పక్క ల్యాబుల వాళ్లు మంచివాళ్లే. పలకరిస్తారు. కానీ వాళ్లు వరి మీద, జొన్న మీద పనిచేస్తారు. డజను మంది కలిసి ఉంటారు. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని ఒకరి కూర ఒకరు తింటారు. నన్నూ రమ్మన్నారు. ఒకటి రెండు సార్లు వెళ్లాను. వాళ్ల మాటల్లో నాకు కలపడానికి ఏమీ ఉండేది కాదు. కొన్నాళ్లకు నా డబ్బా నా బల్ల దగ్గరే విప్పుకోవడం అలవాటైంది. సారు ఉన్నప్పుడు ఆయన మాటలకు విసుగుపడ్డ గది ఇదే. ఇప్పుడు ఫ్రిజ్ మోటారు ఆగితే ఉలిక్కిపడేదాన్ని.

కొన్ని రోజులు పొద్దున ఓనరమ్మతో "వెళ్లొస్తా పెద్దమ్మా" అన్న మాట తరువాత, సాయంత్రం "వచ్చావా బిడ్డా" అని ఆమె అడిగేదాకా నా నోట్లోంచి మాట వచ్చేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం నాకు తెలియకుండానే పైకి చదువుతున్నాను, ద్రావణం సీసా మీద రాసి ఉన్న కొలతలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ప్రతి శనివారం సాయంత్రం మారేడ్‌పల్లి వెళ్లేదాన్ని. వారంలో చేసినదంతా సారుకు చెప్పేదాన్ని. ఆయన శ్రద్ధగా వినేవారు, లేదా వింటున్నట్టు కనిపించేవారు. "సరే" అనేవారు. అర్థమవుతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఒకసారి కావాలని తప్పు చెప్పి చూద్దామనిపించింది. ఆయన కళ్లలోకి చూశాక చెప్పలేకపోయాను.

ఆ డిసెంబరులో మా చర్చి వాళ్లు క్యారల్స్ పాడుతూ వీధి వీధీ తిరుగుతున్నారు. నేను ఆదివారాలు చర్చికి వెళతాను కానీ, వెనక బల్లలో కూర్చుని ప్రార్థన అవగానే వచ్చేస్తాను. ఏ కుటుంబం లెక్కలోనూ లేను. వాళ్లు కుటుంబాల ఇళ్లకు వెళతారు. చీకటి పడే వేళ పాట మా వీధిలోకి వచ్చింది. గిటారు, డప్పు వినిపించాయి. నేను దీపం వెయ్యకుండా మంచం మీద కూర్చున్నాను. పాట ముందుకు వెళ్లిపోతోంది. ఇంతలో కింద నుంచి ఓనరమ్మ గొంతు.

"ఓ పిల్లలూ, ఆగుర్రి జెర! మా మీది బిడ్డ సుత మీ మతమే. ఒక్కతే ఉంటది. ఓ పాట పాడి పోర్రి!"

మెట్ల కింద నిలబడి పాడారు. నేను కిందికి దిగివచ్చి గుమ్మం పట్టుకుని విన్నాను. ఎవరికీ పెట్టడానికి గదిలో ఏమీ లేదు. ఓనరమ్మే సకినాలు తెచ్చి పంచింది. వాళ్లు వెళ్లిపోయాక ఆమె నా వైపు చూసి, "ఏడుస్తున్నవా ఏంది? పండుగ పూట. మూతి కడుక్కొని రా, తిందాం," అంది. ఆ పూట ఆమెతో కూర్చుని తిన్నాను.

జిగురు సంగతి తేలింది ఆ తరువాతే. ఆదివారం గదిలో బియ్యం కడుగుతున్నాను. మొదటి నీళ్లు తెల్లగా పోతాయి, తరువాత తేటబడతాయి. నేను ఆకుపొడిలో నేరుగా డీఎన్ఏ తీసే ద్రావణం పోస్తున్నాను కదా, ముందే చల్లటి ఉప్పటి ద్రావణంతో పొడిని ఇలాగే నాలుగైదు సార్లు కడిగి, జిగురంతా పారబోసి, అప్పుడు మొదలుపెడితే? ఇది నేను కనిపెట్టిన గొప్ప సంగతేం కాదు. ఇంకేవో మొక్కలకు ఇలా చేసినవాళ్లున్నారని తరువాత చదివాను. ఆ రోజు నాకు తెలియదు, అంతే. సోమవారం చేసి చూశాను. మొదటి కడుగు పాకంలా పోయింది. నాలుగో కడుగుకు ద్రావణం తేటగా ఉంది. సాయంత్రానికి గొట్టంలో తెల్లటి పోగు తేలింది.

గొట్టం పట్టుకుని లేచాను, చూపించడానికి. లేచాక గుర్తొచ్చింది గదిలో ఎవరూ లేరని. మళ్లీ కూర్చున్నాను.

అక్కడి నుంచి గుర్తుల పని మొదలైంది. చెట్టు జన్యువుల్లో కొన్ని చోట్ల ఒకే అక్షరాల జత, నత్తి వచ్చినట్టు, మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక చెట్టులో పదిసార్లు రావచ్చు, ఇంకో చెట్టులో పదిహేను సార్లు. ఆ తేడాను పట్టి చెట్టును గుర్తించవచ్చు. అలాంటి చోట్లను వెతికి పట్టుకోవడమే పెద్ద పని. ఏడాది పైన పట్టింది. కరెంటు పోతే డీఎన్ఏకు నకళ్లు తీసే మిషన్ మధ్యలో ఆగిపోయేది, రోజంతా వృథా. పట్టుకున్న చోట్లలో సగానికి పైగా పనికిరాలేదు. పనికివచ్చినవి చివరకు ఒక పిడికెడు మిగిలాయి. ఆ కొన్ని చాలు. పలుచటి జెల్ పలక మీద డీఎన్ఏను కరెంటుతో నడిపి, వెండి ద్రావణంలో నానబెడితే పసుపచ్చటి నేల మీద గోధుమరంగు గీతలు లేచేవి. ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో చెట్టుకు రెండు గీతలు, ఒకటి తల్లి నుంచి వచ్చింది, ఒకటి తండ్రి నుంచి వచ్చింది. రెండూ ఒకే కొలతవైతే కలిసి ఒకే గీతగా కనిపిస్తాయి.

లోపలి కొండల్లోని చెట్లు చక్కగా వేరువేరుగా గీతలు చూపించాయి. ఏ రెండూ ఒకటి కావు. అప్పుడు అటవీశాఖ నర్సరీ నుంచి మొక్కల ఆకులు తెప్పించుకున్నాను. వర్షాలు రాగానే ఆ మొక్కలు కొండ మీద నాటడానికి సిద్ధంగా ఉన్నాయి.

వాటి తల్లి ఎవరో ముందే తెలుసు, బాట పక్క చెట్టు. నేను వెతికింది తండ్రి గీత. మొదటి పలకలో మొక్కల్లో ఎక్కువ వాటికి తల్లి గీతలు తప్ప వేరే గీత లేదు. ఆ గుర్తులో ఏదో లోపం అనుకున్నాను. రెండో గుర్తుతో చేశాను, మూడో దానితో చేశాను. కొత్త గొట్టాల్లో మళ్లీ మొదటి నుంచి చేశాను. అదే ఫలితం. తల్లి గీతలు, తల్లి గీతలే. అంటే తండ్రి కూడా ఆ చెట్టే. దరిదాపుల్లో ఇంకో తంబజాలారి లేదు. పుప్పొడి అంత దూరం నుంచి రావడం లేదు. తన పుప్పొడితో తానే కాసింది. అలా పుట్టిన మొక్కలు నర్సరీలో పచ్చగానే ఉంటాయి. కానీ ఈ జాతి చెట్లలో అలాంటివి చాలావరకు ఎదిగేకొద్దీ నీరసిస్తాయి. నిలబడ్డవి కూడా ఒకదానికొకటి మరీ దగ్గర చుట్టాలు. ఒక కొండ నిండా అవే నాటితే, ఒక తెగులు వస్తే అన్నీ కలిసే పోతాయి.

ఒంటరిగా గట్టు అంచున నిలబడ్డ ఆ చెట్టును, నన్ను పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఆ రోజుల్లో అనిపించకపోలేదు. అది చెట్టు. దానికి దిగులు లేదు. నా దిగులు దాని మీద వెయ్యడం న్యాయం కాదనుకున్నాను.

శనివారం జెల్ ఫోటోలు తీసుకుని మారేడ్‌పల్లి వెళ్లాను. సారు ఒళ్లో ఒక్కొక్కటి పెట్టి చూపించాను. "ఇది తల్లి సార్. ఇవి మొక్కలు. వేరే తండ్రి గీత దాదాపు ఎక్కడా లేదు. అంతా ఆ బాట పక్క చెట్టే." సారు ఎడమచేతి వేలిని గీతల మీద మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకు జరిపారు. మళ్లీ వెనక్కి జరిపారు. "సరే," అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

బయటికి వస్తూ ఆంటీతో, "సారుకు అర్థమైందండీ," అన్నాను.

ఆంటీ గేటు తీస్తూ, "ఏమో తల్లీ. టీవీలో వంటలు చూసినా అలాగే నీళ్లు పెట్టుకుంటున్నారు," అంది. ఆమె నన్ను బాధపెట్టాలని అనలేదు.

అటవీశాఖ ఆఫీసులో మాట్లాడే పని ఎప్పుడూ సారుదే. ఇప్పుడు నేనే వెళ్లాలి. ముందు రోజు గదిలో గోడ వైపు తిరిగి ఏం చెప్పాలో పైకి చెప్పుకుంటుంటే, ఓనరమ్మ కింద నుంచి "ఎవలచ్చిన్రు బిడ్డా?" అని అడిగింది.

ఆ అధికారి మర్యాదస్తుడే. ఫోటోలు చూశాడు. "మేడమ్, మొక్కలు హెల్తీగా ఉన్నాయి కదా. ఇప్పుడు ప్రాబ్లెమ్ ఏంటి?"

"ఇప్పుడు బాగానే ఉంటాయండి. పదేళ్లకు తెలుస్తుంది. ఇవన్నీ ఒక్క చెట్టు పిల్లలు. తల్లీ తండ్రీ ఒకటే."

"సీజన్ దగ్గరకొచ్చింది. ప్రోగ్రామ్ ఫిక్స్ అయిపోయింది. మినిస్టర్ గారు వస్తున్నారు. ఇప్పుడు మొక్కల్లేవంటే నేనేం చెప్పాలి?"

"మొక్కలు ఉన్నాయండి. కార్యక్రమం ఆపమని నేను అనడం లేదు. వీటిని ఊళ్ల దగ్గర పార్కుల్లో, ఆఫీసుల్లో నాటండి. కొండ మీద మాత్రం వద్దు. కొండకు లోపలి చెట్ల గింజలు తెద్దాం. చాలా చెట్ల నుంచి, కలిపి."

"అంత లోపలికి ఎవరు వెళతారు మేడమ్?"

"నేను వెళతాను."

ఎలా అన్నానో నాకు తెలియదు. గోడకు చెప్పుకున్న మాటల్లో అది లేదు. ఆయన కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టి, పైవాళ్లతో మాట్లాడి చెబుతానన్నాడు. మాట్లాడాడు. పూర్తిగా ఒప్పుకోలేదు. కొండ మీద ఒక పక్క, మినిస్టరు నాటే చోట, ఉన్న మొక్కలే పెట్టారు. మిగిలిన చోటు ఖాళీగా ఉంచారు. నాకు అంతే దొరికింది.

మరుసటి ఎండాకాలం, కాయలు రాలే రోజులకు, మళ్లీ కొండకు వెళ్లాను. అదే గార్డు తోడు వచ్చాడు. జీపు దిగగానే, "పెద్ద సార్ రాలేదా మ్మా?" అని అడిగాడు. చెప్పాను. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "కాయ పైకి ఇసిరి నవ్విండె సారు," అన్నాడు. తరువాత ఇద్దరం నడిచాం.

ఎండ రాళ్లలోంచి కూడా వస్తున్నట్టుంది. లోపలి కొండ మీద గాలి లేచినప్పుడల్లా చెట్ల మీద నుంచి రెక్కల కాయలు గుంపుగా దిగేవి, తిరుగుతూ తిరుగుతూ. మేము పరిచిన పాత చీరల మీద పడినవి ఏరుకున్నాం. ప్రతి చెట్టు కిందా కొన్నే, ఏ చెట్టూ ఎక్కువ కాకుండా. తడి గోనెసంచుల్లో పెట్టుకుని సాయంత్రానికి కొండ దిగి నర్సరీకి చేర్చాం. అప్పటికప్పుడు మట్టి సంచుల్లో వేశారు. దారి పొడుగునా గార్డూ నేనూ అంతగా మాట్లాడుకోలేదు. ఆ మౌనం ల్యాబులో మౌనం లాంటిది కాదు. పక్కన ఇంకొకరి అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

అవి మొలిచాయి. అన్నీ కాదు. మొలిచిన మొక్కల ఆకులు తెప్పించి పలక మీద నడిపితే తండ్రి గీతలు కనిపించాయి, ఒక్కోదానికి ఒక్కోటి. ఒక చోటైతే మేము ఆకు కోసిన ఏ చెట్టుకూ సరిపోని గీత వచ్చింది. మేమెవరమూ చూడని తంబజాలారి ఇంకోటి ఆ కొండల్లో ఎక్కడో ఉందన్నమాట.

ఈ సంగతి చెప్పడానికి మారేడ్‌పల్లి వెళితే గేటుకు తాళం ఉంది. మధ్యలో కొండకు తిరగడంతో కొన్ని శనివారాలు వెళ్లలేదు. పక్కింటివాళ్లు చెప్పారు. కూతురు బెంగళూరు నుంచి వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లిందట. ఇల్లు అద్దెకిస్తారట. ఆంటీ నాకోసం ల్యాబుకు ఫోను చేసిందట, ఎవరూ ఎత్తలేదట. ఎవరు ఎత్తుతారు? గదిలో నేను ఒక్కదాన్నే కదా. గేటు ముందు నిలబడి కిటికీ వైపు చూశాను. కుర్చీ అక్కడ లేదు.

తరువాత బెంగళూరు నంబరు సంపాదించి మాట్లాడాను. ఆంటీ రిసీవరు సారు చెవి దగ్గర పెట్టింది. నేను అంతా చెప్పాను, మొదటి నుంచి, తొందరపడకుండా. తండ్రి గీతల గురించి, ఎవరికీ తెలియని ఆ చెట్టు గురించి. అటు నుంచి ఊపిరి వినిపించింది. నేను ఆగినా "సరే" అన్న మాట రాలేదు. చాలాసేపటికి ఆంటీ ఫోను తీసుకుని, "నవ్వుతున్నారమ్మాయ్," అంది.

ఆ చలికాలమే ఆయన పోయారు. నాకు తెలిసేసరికి పదో రోజు కూడా అయిపోయింది. గుర్తుల గురించి రాసిన వ్యాసం మరుసటి ఏడాది అచ్చయింది. ఆయన పేరే ముందు పెట్టాను.

వ్యాసం వచ్చిన కొన్నాళ్లకు ఒక ఈమెయిలు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో సాల చెట్ల మీద పనిచేసే ఒకావిడ. మన గుగ్గిలం చెట్టే అది, తంబజాలారికి దగ్గర చుట్టం. మీ గుర్తులు నా చెట్టుకు పనికివస్తాయేమో, కొంచెం పంపగలరా అని ఇంగ్లీషులో రాసింది. చివర పేరు చూసి తెలుగావిడని అర్థమైంది. తెలుగులోనే జవాబు ఇచ్చాను, ఇంగ్లీషు అక్షరాలతో. మర్నాడే ఫోను చేసింది. ఊరు శ్రీకాకుళం పక్కనట. చెల్లెలి పెళ్లికి వెళుతోందట. "కావాలని సికింద్రాబాద్ మీదుగా వస్తానండీ. నేనే తీసుకుంటాను. కొరియర్లో పాడైపోతాయేమోనని భయం," అంది.

స్టేషనుకు థర్మోకోల్ పెట్టెలో ఐసు పెట్టి, అందులో ఆ గుర్తులను పట్టే ద్రావణాల గొట్టాలు పెట్టుకుని వెళ్లాను. నా వయసే ఉంటుంది, చిన్నగా, చురుగ్గా ఉంది. చేతిలో పెద్ద సంచి. మళ్లీ బండి సాయంత్రం దాకా లేదు. చిలకలగూడ ఎంతో దూరం కాదు, గదికి తీసుకొచ్చాను. పప్పూ వంకాయ కూరా వండి ఉంచాను. ఓనరమ్మ మజ్జిగ మిరపకాయలు వేయించి పైకి పంపింది.

అన్నం కలుపుతూ ఆవిడ అడిగింది, "ఆ జిగురు మీకు కూడా అంతేనా అండీ?"

"బెల్లం పాకం లాగా?"

"అదే! అదేనండీ! అక్కడ ఎవరికి చెప్పినా నా చేతి వాటం బాగోలేదంటారు. ఒకరోజు బాత్రూమ్‌లోకి పోయి ఏడ్చాను. ఒక చెట్టు జిగురు కోసం ఏడ్చానంటే ఎవరు నమ్ముతారు?"

నేను నమ్మాను. బియ్యం కడిగిన సంగతి చెప్పాను. ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తరువాత ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం, ఎందుకో ఆపలేకపోయాం. మాటలు ఆవిడకూ నాకూ ఒకరి మీద ఒకరివి పడుతున్నాయి. కడుగులు ఎన్ని, ఎంత చల్లగా, ఏ ఆకు, లేతదా ముదురుదా. నా గొంతు బొంగురుపోయింది.

ప్లాట్‌ఫారం మీద బండి కదులుతుంటే కిటికీలోంచి పెట్టె ఎత్తి చూపించింది, భద్రంగా ఉందన్నట్టు. తరువాత నెలలో ఫోను చేసి, గుర్తుల్లో కొన్ని సాల చెట్టుకు పనికివచ్చాయని చెప్పింది. ఆ తరువాత ఆవిడకు వేరే ఊరు బదిలీ అయింది, నాకు వేరే ప్రాజెక్టు వచ్చింది. మళ్లీ కలవలేదు.

ఆ సాయంత్రం స్టేషను నుంచి నడిచి వస్తూ కూరగాయల బండి దగ్గర ఆగాను. బండివాడు "ఏం గావాలమ్మా?" అని రెండు మార్లు అడగాల్సి వచ్చింది. నాలో నేను ఇంకా ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాను.